పాత ఇల్లు పడగొట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాను చూశాను. కింద పార్కింగు, పైన రెండంతస్తులు, పాత మండువా ఇల్లు మొత్తం నేలమట్టం. "పర్యావరణానికి హాని లేకుండా కడతాను, పైన సోలారు పెట్టిస్తా, చుట్టూ మొక్కలు వేయిస్తా" అన్నావు. ఆ మాట విని సంతోషించాను. కానీ సోలారు పలకలు ఇంట్లో చేరాక వాడే కరెంటు సంగతే చూస్తాయి. ఇల్లు కట్టడంలో జరిగే నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. అది సిమెంటులో, ఇనుములో, ఇటుకలో, ఇసుకలో ఉంటుంది. అందుకే ముందు ఒక్కటి ఆలోచించు. ఈ ప్లానులో ఎంత కట్టకుండా సరిపెట్టుకోగలవు?

మీరున్నది నలుగురు. పై అంతస్తు అద్దెకన్నావు. రాజోలు దాటి అంత లోపలికి అద్దెకొచ్చేవాళ్లు ఎందరున్నారో నువ్వే చూడు. ఆ అంతస్తు మానేస్తే దాని స్లాబు, దాని పిల్లర్లే కాదు, కింద పునాది కూడా తేలికవుతుంది. పిల్లలు పెద్దయ్యాక కావాలంటే పైన వేసుకునేలా ఇంజనీరు చేత ఇప్పుడే లెక్క కట్టించు. అందాజాగా ఇనుము పెంచుకుంటూ పోయే మేస్త్రి లెక్క వద్దు.

పాత ఇంటి సంగతి. వెనక వంటిల్లు కూలిపోయేలా ఉంది, నిజమే. ముందు మండువా, రెండు పక్క గదులు గట్టిగానే ఉన్నాయి. అవి ఉంచి, వెనక కొత్తది కలుపు. పడగొట్టక తప్పనిచోట మిషను పెట్టించకు, మనుషుల చేత విప్పించు. ఆ గోడలు సున్నంతో కట్టినవి. సిమెంటుతో కట్టిన ఇటుకని ఊడదీయబోతే ఇటుకే పగులుతుంది. సున్నమైతే తాపీ అంచుతో రెండుసార్లు గీకితే పొడిగా రాలిపోయి ఇటుక చెక్కుచెదరకుండా చేతికొస్తుంది. రెండిటిని ఒకదానికొకటి తాటించి చూడు. ఖంగుమంటే మళ్లీ గోడలో పెట్టుకోవచ్చు. చప్పగా దబ్బుమంటే పక్కన పడెయ్. టేకు దూలాలు, ద్వారబంధాలు చెదలు లేకుండా ఉంటే వాటికి మించిన కలప నీకు ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకదు. ఇక మిగిలిన ముక్కలు, పెళ్లలు బేస్‌మెంటులో నింపడానికి పనికొస్తాయి. ట్రాక్టరు వాడు కాలువ గట్టున పోసేస్తానంటాడు. ఒప్పుకోకు. మన ఊరి మురుగు కోడు సగం పూడింది అలా పోసినవాటివల్లే.

స్థలమంతా మెరక చేయించాలనుకుంటున్నావు కదా, అదీ వద్దు. రోడ్డు ఎత్తు పెంచినప్పుడల్లా అందరం మెట్ట ప్రాంతం నుంచి గ్రావెలు తోలించుకుంటూ పోతే అక్కడ గుట్టలు కరిగిపోతున్నాయి, ఇక్కడ వాన నీరు పక్కింట్లోకి పోతోంది. ఇల్లు ఉన్నంతమేరే బేస్‌మెంటు ఎత్తు చెయ్. దొడ్డి పల్లంగానే ఉండనీ, కొబ్బరిచెట్లకీ వాన నీటికీ అదే మేలు. కింద రేగడి మట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. మట్టి పరీక్ష చేయించు. అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండేలా భూమిలోకి దింపే కాంక్రీటు స్తంభాలు, సరిపోతాయని తేలితే తవ్వకమూ తగ్గుతుంది, కాంక్రీటూ తగ్గుతుంది.

ఇప్పుడు సిమెంటు. సున్నపురాయి కాల్చి తీసే గడ్డల్ని క్లింకరు అంటారు, దాన్ని పొడి చేస్తేనే సిమెంటు. క్లింకరు టన్ను తయారైతే సుమారు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అందులో సగానికి పైగా పొయ్యిలోని బొగ్గుది కాదు, సున్నపురాయి కాలేటప్పుడు రాయిలోంచే వచ్చేది. ఫ్యాక్టరీకి ఎంత సోలారు పెట్టినా అది ఆగదు. కాబట్టి క్లింకరు తక్కువున్న సిమెంటే కొనాలి. థర్మల్ కేంద్రాల బూడిద 15 నుంచి 35 శాతం కలిపేది పీపీసీ. ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలే చిట్టెం, అంటే స్లాగు, 25 నుంచి 70 శాతం దాకా కలిపేది స్లాగ్ సిమెంటు. సముద్రం దగ్గర ఉన్న మనకి స్లాగుదే నా మొదటి ఓటు. ఉప్పు లోపలికి దిగకుండా అది బాగా అడ్డుకుంటుంది. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3కి కూడా 2023లో ఐఎస్ ప్రమాణం వచ్చింది, దుకాణంలో అడిగి చూడు. ఈ సిమెంట్లు నెమ్మదిగా గట్టిపడతాయి. ఓపీసీకి, అంటే ఇవేవీ కలపని మామూలు సిమెంటుకి, కనీసం 7 రోజులు తడిపితే, వీటికి 10 రోజులకు తగ్గకూడదు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టు, పిల్లర్లకి గోనె సంచులు చుట్టు. సెంట్రింగు విప్పడానికి తొందరపడనీయకు.

మన దగ్గర ఇళ్లు త్వరగా పాడయ్యేది ఉప్పువల్ల. అంతర్వేది గాలి, రొయ్యల చెరువులు, ఉప్పెక్కిన బోర్లు, అన్నీ కలిసి ఊచలకి తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులు రాలుస్తుంది. ఇంటిని పాతికేళ్లకే కూల్చి మళ్లీ కడితే వాడిన సిమెంటంతా రెండింతలైనట్టే. అందుకని ఈ ఒక్కచోట పొదుపు చెయ్యకు. సముద్రపు గాలి నేరుగా తగిలేచోట కాంక్రీటుకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎం30 రకం గట్టి కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరింగు, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. కవరింగు బిళ్లలకి బదులు కంకర రాయి దోపుతారు, అక్కడే నిలబడి చూడు. నీళ్లు బస్తాకి 22 లీటర్లు దాటకూడదు, ఇసుకలో తడి ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. మాలు సులువుగా జారాలని కూలీలు బకెట్టు నీళ్లు కుమ్మరిస్తారు. దాని బదులు నీళ్లు పెంచకుండానే మాలు జారేలా చేసే ప్లాస్టిసైజరు మందు వాడించు. క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఇనుము ఉన్న కాంక్రీటుకి పనికిరావు. ఇసుక కూడా ఏటి మొగ దగ్గర తవ్విన ఉప్పు ఇసుక వద్దు. బిల్లు లేని ర్యాంపు ఇసుకా వద్దు, మిషన్లతో గోదావరిని లోతుగా తవ్వేస్తున్నారు. గోడలకీ ప్లాస్టరింగుకీ రాయి పిండి చేసి కడిగిన రోబో ఇసుక సరిపోతుంది.

కొత్త ఇటుక ఎంత కావాలో లెక్కేశాకే కొను. లంక మట్టి, పొలాల పైమట్టి తవ్వి కాల్చినవాటికంటే బూడిద ఇటుకలు నయం, వాటికి బట్టీ అక్కర్లేదు. 9 అంగుళాల గోడలో ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతి ఉంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు దీన్ని బాగా వాడారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, ఆ ఖాళీ వేడినీ ఆపుతుంది. తెలిసిన మేస్త్రిని ముందుగా వెతుక్కోవాలి. తెలియనివాడైతే ఓ చిన్న గోడ కట్టించి చూసి ఒప్పుకో. బేస్‌మెంటు మీద చెమ్మ ఆపే పొర మాత్రం మరచిపోకు, లేకపోతే ఏడాది తిరక్కుండా గోడలకి చౌడు ఎక్కుతుంది.

నేలకి గ్రానైటు ఎందుకు, నాపరాళ్లు చాలు. కిటికీలు ఎదురెదురుగా, చూరు రెండడుగులు బయటికి, మండువా మాత్రం మూయకు.

ప్లాను మార్పించేలోగా బోరు నీళ్లు, కాలువ నీళ్లు రెండు సీసాల్లో పట్టి పరీక్షకి పంపు. రిపోర్టు వచ్చాక నాకు ఫోను చెయ్, మేస్త్రితో మాట్లాడేటప్పుడు నేను వచ్చి పక్కనుంటాను.

మీ పెదనాన్న