రొట్టె వదలండి, బిళ్ళ మాత్రం వదలొద్దు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా పాపకు పద్నాలుగేళ్ళు. నిరుడు ఆరు రాత్రులు నిద్ర లేకుండా ఒకటే మాటలు, పాటలు. తర్వాత రెండు నెలలు మంచం దిగలేదు. నెల్లూరులో డాక్టరు బైపోలార్ (కొన్నాళ్ళు అతి హుషారు, కొన్నాళ్ళు మరీ దిగులు పట్టే మనసు జబ్బు) అని చెప్పి లిథియం బిళ్ళలు రాశారు. ఇప్పుడు బాగుంది. మా అత్తగారు నిరుడు నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో, పాప బాగవ్వాలని కోరుకుని ఆరోగ్య రొట్టె పట్టారు. కోరిక తీరింది, ఈసారి రొట్టె వదలాలి, ఇంకా ఆ పిచ్చి బిళ్ళలెందుకు, రేపు పెళ్ళెలా అవుతుంది అంటున్నారు. పాపకు చేతులు సన్నగా వణుకుతున్నాయి, దాహం ఎక్కువ. పది రోజులుగా పొద్దుటి బిళ్ళ మానేశాను. డాక్టరుకు చెప్పలేదు.

జవాబు: అమ్మా, ముందు డాక్టరుకు ఫోన్ చేసి ఆ పది రోజుల సంగతి చెప్పండి. తిడతారని దాచొద్దు. ఈ మందు ఎంత ఉందో రక్తంలో కొలిచి చూస్తారు. మీరు ఒక పూట ఎగ్గొట్టారని తెలియకపోతే, రిపోర్టులో తక్కువ కనబడేసరికి మోతాదు పెంచేస్తారు. తర్వాత మీరు రెండు పూటలా వేస్తే ఎక్కువైపోతుంది. తిరిగి ఎలా మొదలుపెట్టాలో కూడా అక్కడే అడగండి. లిథియం ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ. నిద్ర తగ్గినా పాప హుషారుగా తిరుగుతుంటే ఆరోజే డాక్టరుకు చెప్పండి.

మీ ఉత్తరంలో నాకు దిగులు పుట్టించింది వణుకు కాదు, దాహం. ఈ మందు వాడే చాలామందికి రెండూ ఉండేవే, డాక్టరుకు చెబితే సర్దుతారు. కానీ మన బడుల్లో ఆడపిల్లల సంగతి మీకూ తెలుసు. బాత్రూములు బాగుండవని సాయంత్రం దాకా గుక్క నీళ్ళు తాగరు. పొద్దున నింపి ఇచ్చిన బాటిల్ నిండుగానే ఇంటికొస్తుంది. లిథియం కూడా ఒక రకం ఉప్పే. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే కిడ్నీలు దాన్ని బయటికి పోనివ్వవు, రక్తంలో పేరుకుంటుంది. మన ఎండల గురించి వేరే చెప్పాలా! రేపు సాయంత్రం ఆ బాటిల్ ఒకసారి ఎత్తి చూడండి. క్లాస్ టీచరును కలిసి, అడిగినప్పుడల్లా పాపను బయటికి పంపమనండి. జబ్బు పేరు చెప్పక్కర్లేదు, నీళ్ళు ఎక్కువ తాగమని డాక్టరు చెప్పారంటే చాలు. కూరల్లో ఉప్పు కూడా ఒక్కసారిగా తగ్గించొద్దు.

నెలసరి నొప్పికి మెడికల్ షాపులో అడిగి బిళ్ళ తెచ్చే అలవాటుందా? ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనామిక్ యాసిడ్ లాంటివి రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. ఏది వాడొచ్చో డాక్టరునడిగి రాసి పెట్టుకోండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు గట్టిగా ఊగిపోతున్నా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా తర్వాతి బిళ్ళ వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రక్తపరీక్ష రాత్రి బిళ్ళ వేసిన 12 గంటలకు, పొద్దుటి బిళ్ళ వేయకముందు జరగాలి. చాలామంది పొద్దున్నే బిళ్ళ వేసేసి బస్సెక్కుతారు, ఆ లెక్క తప్పుగా వస్తుంది. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆర్నెల్లకోసారి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆ బిళ్ళ చేతే బారాషహీదులు బాగు చేయించారనుకోమనండి. పెళ్ళి మాట ఇప్పుడెందుకు, పాప ముందు పది పాసవ్వాలి. ఇది అలవాటుపడే మందు కాదు. ఎన్నాళ్ళు వాడాలో, ఎప్పుడు మెల్లగా తగ్గించాలో డాక్టరు చెప్పాలి.

ఇంతా రాశారు గానీ పాప ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు. ఆ బిళ్ళ దేనికో దానికి ఎవరైనా చెప్పారా? పద్నాలుగేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. ఇంట్లో "పిచ్చి బిళ్ళ" అన్న మాట దాని చెవిన పడితే, రేపు మీరిచ్చినా నాలుక కింద పెట్టుకుని ఊసేస్తుంది. మీకే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

రొట్టె వదలడానికి దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువుకు పాపనూ తీసుకెళ్ళండి. ఆ జనంలో నీళ్ళ బాటిల్ దాని చేతిలోనే ఉండాలి. రాత్రికి అక్కడే ఉండిపోయేలా ఉంటే బిళ్ళలు సంచిలో పెట్టుకోవడం మరవకండి.