నల్లరాయి దొరికితే ఉల్కేనా?

ప్రశ్న: అంటార్కిటికా మంచు మీద రాతి ఉల్కలు ఏరుతున్నారని చదివాను. అవి ఆకాశం నుంచి పడ్డవేనని, ఫలానా రకమని ఎట్లా తేలుస్తారు సార్? మా చెల్కలో నల్లటి, బరువైన రాయి దొరికింది. అయస్కాంతం అంటుకుంటోంది. అదీ ఉల్కేనా?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: అమ్మా, ముందు మంచు సంగతి చెప్తాను. అది తెలిస్తే మీ రాయి సంగతి సగం తేలిపోతుంది.

అక్కడ మంచు కిలోమీటర్ల మందం ఉంటుంది. దగ్గర్లో కొండ లేని చోట దాని మీద రాయి కనిపిస్తే పైనుంచి పడ్డదే అయి ఉండాలి. అయితే ఎక్కడంటే అక్కడ దొరకవు. మంచు సముద్రం వైపు మెల్లగా జరుగుతూ, కొండ అడ్డం వచ్చిన చోట ఆగి పైకి లేస్తుంది. అక్కడి పొడిగాలికి మంచు నీరు కాకుండానే ఏటా కొన్ని సెంటీమీటర్లు ఆవిరైపోతుంది. వేల ఏళ్ల కింద ఎక్కడెక్కడో పడి పూడిపోయిన రాళ్లు అట్లా ఒక్క దగ్గర తేలతాయి.

ఈ సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. 1969లో జపాన్ బృందానికి యమాటో కొండల దగ్గర తొమ్మిది ఉల్కలు దొరికాయి. ఒక్క రాయే పగిలి చెదిరిందేమో అనుకోవచ్చు కదా? పరీక్ష చేస్తే వాటిలో వేర్వేరు జాతులున్నాయి. అంటే ఒక్కసారి పడ్డవి కావు, మంచే వాటిని పోగు చేసింది! వర్గీకరణ ఎందుకని అడిగే పిల్లలకు నేను ఇదే చెప్తాను.

ఏరేవాళ్లు రాయిని చేత్తో ముట్టరు. శుభ్రమైన సంచిలో వేసి, గడ్డకట్టిన స్థితిలోనే ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ చిన్న ముక్క కోసి, వెలుతురు పారేంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడతారు. తైద గింజంత, అంతకన్నా చిన్న గుండ్రటి పూసలు కనిపిస్తే అది కాండ్రైట్. ఆ పూసల వయసు దాదాపు 456 కోట్ల ఏళ్లు, మన భూమి కన్నా పాతవి. తర్వాత ఇనుము లెక్క: బాగా ఎక్కువుంటే హెచ్, తక్కువుంటే ఎల్, మరీ తక్కువుంటే ఎల్‌ఎల్. పక్కన ఒక అంకె వేస్తారు. 3 అంటే పూసలు చెక్కుచెదరలేదు, 6 అంటే వేడికి కరిగిపోయినట్టు కలిసిపోయాయి. ‘ఎల్6’ అని చూస్తే ఆ రాయి ఎంత వేడి చూసిందో తెలిసిపోతుంది.

పూసలు లేనివి అకాండ్రైట్లు. వీటితోనే అసలు టెన్షన్. 1984లో అలన్ హిల్స్ దగ్గర దొరికిన 84001 నంబరు రాయిని మొదట డయోజెనైట్ అని, అంటే వెస్టా అనే గ్రహశకలానికి సంబంధించిన జాతి అని రాసుకున్నారు. దాదాపు పదేళ్లకు గానీ అది అంగారకుడి ముక్క అని తేలలేదు.

ఇక మీ చెల్క. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో గ్రానైట్‌ను చీల్చుకుని డోలరైట్ అనే నల్లరాయి పట్టీలు పట్టీలుగా పోతుంది. ఎండకూ వానకూ పొరలు ఊడి గుండ్రటి బండలవుతుంది. అందులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది కాబట్టి అయస్కాంతం అంటుకుంటుంది. అందుకని అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. బుడగల గుంతలుంటే చాలావరకు అది కొలిమి చిట్టెం.

రాయి ఒక మూల కొంచెం అరగదీసి చూడండి. పైన పల్చటి నల్ల పెంకు, లోపల లేత రంగు, అందులో వెండిలా మెరిసే లోహపు చుక్కలు కనిపిస్తే కడగకుండా, నూనె రాయకుండా పొడి కవర్లో పెట్టండి. దొరికిన చోటు, తేదీ రాసి, ఫోటోతో పాటు హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయంలో చూపించండి. పూజ గదిలో మాత్రం పెట్టకండమ్మా, పసుపు కుంకుమలు పడితే పరీక్ష కష్టమవుతుంది.