ఈసీజీ నార్మల్.. అయినా గుండెదడ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 34. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అమెరికా వాళ్లతో మీటింగులు రాత్రి పదిన్నర దాకా సాగుతాయి. పడుకుంటే గుండె దడదడలాడుతుంది, రెండింటి దాకా నిద్ర పట్టదు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు నార్మల్. టెన్షన్ పడొద్దంటున్నారు. ఎలా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: టెన్షన్ పడొద్దని చెబితే ఎవరికీ తగ్గదమ్మా. మీ దడ భ్రమ కాదు. ఒత్తిడిలో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ల్యాప్‌టాప్ మూసినంత మాత్రాన ఒళ్లు వెంటనే కుదుటపడదు. మీటింగుకీ పడకకీ మధ్య కనీసం గంట ఉండాలి. ఆ గంటలో ముందుగా రేపటి పనులు కాగితం మీద రాసేయండి. ఫోన్‌లో వద్దు, తెరవగానే ఆఫీసు మెసేజీలే కనబడతాయి.

కాఫీ, టీలు మధ్యాహ్నం రెండు తర్వాత మానండి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రోజుకు నాలుగైదు కప్పులు అలవాటుంటే ఒక్కసారిగా ఆపకండి, తలనొప్పి వస్తుంది. రెండు మూడు రోజులకో కప్పు తగ్గించండి.

దడ మొదలైతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. చాలామంది ఇక్కడే గుండెల నిండా, గబగబా పీల్చేస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం రెట్టింపవుతుంది. పీల్చేది మామూలుగానే, వదిలేదే నిదానంగా. పగలు, బాగున్నప్పుడే రెండు పూటలా సాధన చేస్తేనే రాత్రి పనికొస్తుంది.

ఇరవై నిమిషాలైనా కునుకు రాలేదనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోండి. ఆదివారమైనా లేచే వేళ మార్చొద్దు.

ఇవన్నీ చేసినా రోజూ పదిన్నర దాకా మీటింగులుంటే ఫలితం సగమే. మేనేజర్‌తో ‘ఒత్తిడిగా ఉంది’ అని ఊరుకోకుండా, ఏ మీటింగులో మీ అవసరం లేదో పేరుపెట్టి చెప్పండి. వాటికి నోట్స్ పంపితే చాలని అడగండి.

హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, రక్తహీనతలోనూ గుండెదడ ఉంటుంది. ఛాతీనొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, స్పృహ తప్పినా పాత ఈసీజీని నమ్ముకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలనిపించకపోతే మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.