బయాస్ నువ్వే రాయి

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

జెడ్80 అనే పాత ప్రాసెసర్ చిప్పుతో బోర్డును సొంతంగా కట్టి దాని మీద సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టం నడపబోతున్నావని చదివి చాలా సంతోషించాను. ఎవరో సిద్ధం చేసిన ఫైలును మెమరీ కార్డులోకి ఎక్కిస్తే సాయంత్రానికల్లా పని అయిపోతుందని రాశావు. అయిపోతుంది. ఆ దారిన వెళ్ళవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. బయాస్ నువ్వే రాయి.

1974లో గ్యారీ కిల్డాల్ సీపీ/ఎం పని మొదలుపెట్టారు. ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో తీరుగా ఉండడంతో, యంత్రాన్ని బట్టి మారే భాగాన్నంతా ఒకచోటికి చేర్చి బయాస్ అని పేరు పెట్టారు. ఆదేశాలు అందుకునే సీసీపీ, ఫైళ్ళను చూసుకునే బీడాస్ ఏ యంత్రంలోనైనా ఒకటే. సీపీ/ఎం 2.2 వెర్షన్‌లో బయాస్ అంటే మొదట 17 జంప్‌ల (ఒక్కో పనికి రాసిన కోడ్ దగ్గరికి దూకమనే ఆదేశాల) పట్టిక: అక్షరం తీసుకో, అక్షరం పంపు, డిస్కులో ట్రాక్ ఎంచు, అందులోని ముక్క (సెక్టార్) చదువు, ఇలా. నీకు ప్రింటరు, పేపర్ టేపు లేవు కనుక వాటి చోట ఊరికే తిరిగి వచ్చేస్తే చాలు. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టంలో మీట నొక్కిన దగ్గర నుంచి అక్షరం తెర మీద పడేదాకా ప్రతి అడుగూ ఒక్కరే చూడడం అయ్యే పని కాదు. ఇందులో చూడగలవు. ఆ అవకాశాన్ని ఎవరి ఫైలుకో వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ముందు చిప్పు సంగతి. 40 పిన్నుల జెడ్80కి ఆర్డర్లు తీసుకోవడం దాని తయారీదారు జైలాగ్ 2024 జూన్‌తో ఆపేసింది. కోఠి గుజరాతీ గల్లీలో వెతికినా, ఇంటికి తెప్పించుకున్నా ఎక్కువగా దొరికేది పాత సరుకే. పైనున్న అక్షరాలు గీకేసి కొత్తగా అచ్చు వేసినవీ అందులో కలుస్తాయి. అందుకే చిప్పును నేరుగా టంకం పెట్టకు, సాకెట్ వాడు. మెమరీ పెట్టకముందే ఒక పరీక్ష చెయ్యి. ఎనిమిది డేటా గీతలనూ ఒక్కో 1 కిలో ఓం రెసిస్టరుతో గ్రౌండుకు కలుపు. చిప్పుకు ఎటు చూసినా 00 కనబడుతుంది, అంటే ‘ఏమీ చేయకు’ అన్న ఆదేశం. అది ఏమీ చేయకుండా చిరునామాలు లెక్కపెట్టుకుంటూ పోతుంది. చిప్పు పనికి బయటి నుంచి అడ్డు తగిలే వెయిట్, ఇంట్, ఎన్ఎంఐ, బస్ రిక్వెస్ట్ పిన్నులను 10 కిలో ఓంలతో 5 వోల్టులకు కట్టు. వీటిని గాలికి వదిలేస్తే చిప్పు ఒకసారి నడిచి ఒకసారి ఆగుతుంది, కారణం ఎంత వెతికినా దొరకదు. క్లాక్ 1 మెగాహెర్ట్జ్ పెట్టి, రెసిస్టరుతో ఒక ఎల్ఈడీని చిరునామా పిన్నుల్లో అన్నిటికన్నా పైదైన ఏ15కి తగిలించు. ఒక్కో ఆదేశానికి నాలుగు క్లాకులు, మొత్తం 65,536 చిరునామాలు. సెకనుకు దాదాపు నాలుగుసార్లు దీపం మినుకుమనాలి. ఇన్నేళ్ళయినా ఆ మినుకు చూస్తే నాకు పసిబిడ్డ ఊపిరి చూసినట్టే ఉంటుంది. అది కనబడనిదే తరువాతి చిప్పు ముట్టుకోకు.

తరువాత చాలామంది ఆగిపోయే చోటు ఒకటి ఉంది. రీసెట్ కాగానే జెడ్80 సున్నా చిరునామా నుంచి మొదలవుతుంది, కనుక అక్కడ కరెంటు పోతే చెరిగిపోయే రామ్ కాదు, చెరగని రోమ్ ఉండాలి. సీపీ/ఎంకేమో సరిగ్గా అక్కడే రామ్ కావాలి: 0000 దగ్గర, 0005 దగ్గర అది తన జంప్‌లు రాసుకుంటుంది, ప్రోగ్రాములు 0100 నుంచి మొదలవుతాయి. కనుక రోమ్ తన పని ముగించుకుని తప్పుకునే ఏర్పాటు ఉండాలి. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక్క బిట్‌ను గుర్తుంచుకునే సర్క్యూట్) చాలు. బోర్డు గీసేటప్పుడే దానికి చోటు ఉంచు. తప్పుకోమనే ఆదేశం ఉన్న కోడ్‌ను మాత్రం ముందే రామ్‌లోకి నకలు చేసి అక్కడి నుంచి నడుపు.

కన్సోల్ రొటీన్లు, అంటే అక్షరం తీసుకునే, పంపే కోడ్, మొదట రాయి. నువ్వు కొట్టిన అక్షరం తిరిగి తెర మీదకు వచ్చేదాకా డిస్కు జోలికి పోకు.

డిస్కు గురించి నా అనుభవం చెబుతాను. నా మొదటి బోర్డులో రాసిన ఫైలు బాగానే ఉండేది, పక్క ఫైళ్ళు పాడయ్యేవి. వారం రోజులు వైర్లను అనుమానించాను, రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టాను. తప్పు వైర్లలో లేదు. సీపీ/ఎం ఒక విడతకు 128 బైట్లే ఇస్తుంది, మనం డిస్కుగా వాడే కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు 512 బైట్లకు తక్కువ తీసుకోదు. నేను ఆ 128తో పాటు బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) మిగిలి ఉన్న పాత 384 బైట్లనూ పంపేస్తున్నాను. ముందు సెక్టార్ చదివి, అందులో మన పావు వంతు మార్చి, మొత్తం తిరిగి రాయాలి. తొలి ప్రయత్నంలో నువ్వు ఆ చిక్కు పెట్టుకోకు. ఒక్కో సెక్టార్‌లో 128 బైట్లు వాడి మిగతాది వదిలెయ్యి. 8 మెగాబైట్ల డ్రైవు 32 మెగాబైట్ల చోటు తింటుంది, తిననీ. అన్నీ నిలకడగా నడిచాక సరిదిద్దుకుందువు. అన్నట్టు, కార్డును వాడే ముందు దాని ఫీచర్ రిజిస్టర్‌లో 01 పెట్టి ఈఎఫ్ ఆదేశం పంపి 8 బిట్ల పద్ధతికి మార్చాలి. లేకపోతే అది 16 బిట్ల పద్ధతిలోనే ఉండి, నీకు ఒక బైటు విడిచి ఒక బైటు వస్తుంది.

దసరా సెలవులకు వస్తావు కదా. ఏ15 దీపం వెలిగే దశకు వస్తే బోర్డును అట్టపెట్టెలో సర్ది తీసుకురా. నా లాజిక్ ప్రోబ్ (పిన్ను మీద 0 ఉందో 1 ఉందో చూపే పరికరం) తీసి పెడతాను. నువ్వు రాసిన బయాస్‌ను కాగితం మీద అచ్చు వేసి తెస్తే ఇద్దరం కూర్చుని వరుస వరుసా చదువుదాం.

ఇట్లు,
పెదనాన్న