14 ఏళ్ల విమానంలో అమ్మానాన్నల్ని పంపొచ్చా?

చెన్నైలో ఎక్కి కువైట్ వెళ్తున్న మీ అమ్మానాన్నల విమానం 14 ఏళ్ల పాతదని యాప్‌లో చూసి టెన్షన్ పడుతున్నామని కావలి నుంచి అడిగారు. ధైర్యంగా పంపండి. మాది బిట్రగుంట. చెన్నై ఎయిర్‌పోర్టులో విమానాల మెయింటెనెన్స్ పనిలో చాలా ఏళ్లున్నాను కాబట్టి చెప్తున్నా.

విమానం ఎంత అలిసిందో ఏళ్లు ఒక్కటే చూస్తే తెలీదు. ఎగిరిన గంటలు, సైకిళ్లు కూడా లాగ్‌బుక్కులో ఎక్కుతూ ఉంటాయి. ఒకసారి లేచి దిగితే ఒక సైకిల్. ప్రయాణం గంటైనా, పది గంటలైనా అంతే.

36 వేల అడుగుల ఎత్తులో బయట గాలి బాగా పలచన. మనకి ఊపిరాడాలని లోపల ఒత్తిడి పెంచుతారు. అప్పుడు ఆ ఒత్తిడి విమానం ఒంటి రేకును చదరపు అంగుళానికి 8 పౌండ్ల దాకా లోపలి నుంచి బయటికి తోస్తుంది. కిందికి దిగితే ఆ బిగువు పోతుంది, మళ్లీ లేస్తే మళ్లీ వస్తుంది. ఇలా వేల సార్లు జరిగితే రేకుల్ని కలిపి బిగించే మేకుల్లాంటి రివెట్ల రంధ్రాల అంచుల్లో కంటికి ఆనని పగుళ్లు మొదలవుతాయి. ఒంగోలు–హైదరాబాద్ బస్సు కంటే ప్రతి ఊళ్లో ఆగే పల్లెవెలుగు బ్రేకులే ముందు అరుగుతాయి కదా, ఇదీ అంతే. గన్నవరం–హైదరాబాద్ మధ్య రోజంతా తిరిగే విమానానికి సైకిళ్లు గబగబా పెరుగుతాయి. నాలుగైదు గంటల కువైట్ రూటులో అంత పెరగవు.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ ప్రాణం పోయింది. దాని వయసు 19 ఏళ్లు, తిరిగింది 35,496 గంటలే. సైకిళ్లు మాత్రం 89,680! డిజైన్ చేసింది 75 వేలకి. పైగా సముద్రపు ఉప్పుగాలి. అదేం చేస్తుందో మన తీరం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రేకుల అతుకు వదిలి, తుప్పు పట్టి, వరసగా ఉన్న రివెట్ల దగ్గర పగుళ్లన్నీ కలిసిపోయాయి. ఆ తర్వాతే పాత విమానాల తనిఖీలు బాగా కట్టుదిట్టమయ్యాయి.

తనిఖీ అంటే టార్చి వేసి చూడటం ఒక్కటే కాదు. కరెంటుతో రేకులో పగుళ్లు వెతికే ఎడ్డీ కరెంట్ అని ఒక పద్ధతి ఉంది. కావాలని సన్నగా గీత కోసిన నమూనా ముక్క మీద ముందు మీటరు సరిచూసుకుంటాం. తర్వాత పెన్నులాంటి ప్రోబ్‌ను ఒక్కో రివెట్ చుట్టూ మెల్లగా తిప్పుతాం. స్క్రీన్ మీద గీత ఎగిరితే ఆ రివెట్ తీసి రంధ్రం లోపల కూడా చూడాల్సిందే. మెడ పట్టేస్తుంది, కానీ తొందరపడే పని కాదది.

ఇంజిన్‌లో బ్లేడ్లను పట్టుకుని గిర్రున తిరిగే డిస్కులకి రూలు ఇంకా గట్టిది. ఒక్కోదానికీ ఇన్ని సైకిళ్లని లెక్క రాసిపెట్టి ఉంటుంది. అది నిండాక పగులు కనపడకపోయినా, కొత్తదానిలా మెరుస్తున్నా, ఇంకొక్క ట్రిప్పుకి కూడా ఒప్పుకోరు. తీసెయ్యాల్సిందే.