చెక్క పడవ: ప్లైవుడ్‌దా, పలకలదా?

కర్నూలు దగ్గర తుంగభద్రలో తిప్పడానికి పాత చెక్క పడవ కొంటున్నాను, ప్లైవుడ్‌ది మేలా, పలకలదా అని అడిగారు. మన దగ్గరైతే నా ఓటు ప్లైవుడ్‌కే. ఎండాకాలం నీళ్లు తగ్గితే పడవ వారాల తరబడి ఒడ్డునే పడి ఉంటుంది. మన ఎండకు పలకలు కుంచించుకుపోయి అతుకుల్లోంచి వెలుతురు కనబడుతుంది. మళ్లీ నీళ్లలో వేస్తే చెక్క ఉబ్బి సందులు పూడుకుంటాయి గానీ, అందాకా నీళ్లు తోడిపోయడమే పని.

ప్లైవుడ్‌కు ఆ బాధ తక్కువ, బరువూ తక్కువే. దాని బలహీనత అంచుల్లో ఉంది: రంగు లేచిన చోట నీరు పొరల్లోకి దిగుతుంది. అడుగుభాగమంతా వేలితో తట్టి చూడండి, డొల్లగా మోగితే పొరలు విడిపోయి ఉంటాయి, వదిలేయండి. ఐఎస్ 710 (నీటి వాడకానికి చేసే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడారా అని కట్టినాయన్నే అడగాలి, రంగు కింద ఆ ముద్ర కనబడదు కదా.

పలకల పడవలో కుళ్లిన పలక ఒక్కటే మార్చుకోవచ్చు, ఆ పని తెలిసిన వడ్రంగి దొరికితే.