పక్షవాతం వచ్చిన నాన్నను ఇంట్లో చూసుకోవడం: మేనకోడలికి అత్త ఉత్తరం

చిరంజీవి అమ్మడికి అత్త ఆశీస్సులు.

నాన్నను ఒంగోలు ఆస్పత్రి నుంచి పొదిలికి తెచ్చేశారని తెలిసి మనసు కుదుటపడింది. మెదడులో వాపు తగ్గడానికి బయటి మందు వేయిద్దామా అని ఫోన్లో అడిగావు కదా, వద్దమ్మా. ఎందుకో చెప్తాను. ఇన్నేళ్లు నర్సుగా ఇలాంటి పేషెంట్లనే చూసిన దాన్ని.

మెదడుకు సొంత కాపలా కణాలుంటాయి, మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో హోర్టెగా వాటిని వేరుగా గుర్తించాడు. రక్తం అందక కణాలు చచ్చిపోతే ఇవి అక్కడికి చేరి ఆ చెత్తను మింగేస్తాయి. ఆ ఊపులో అవి వదిలే రసాయనాలకు వాపు పెరిగి, బతకాల్సిన కణాలూ కొన్ని పోతాయి. తుఫాను తర్వాత పడిన చెట్లు కొట్టేవాళ్లు తొందరలో కరెంటు తీగ కూడా తెంపినట్టు. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ కణాలే వాపును తగ్గిస్తాయి, మరమ్మతుకు సాయపడతాయి. ఎలుకల్లో వీటిని ముందే తీసేసి చూస్తే స్ట్రోక్ దెబ్బ ఇంకా పెద్దదైంది. వీటిని దారిలో పెట్టే మందేదీ మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. పసర్లు, పావురం రక్తం జోలికి అసలు పోవద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పసరు ప్రమాదం కూడా.

మన చేతిలో ఉన్నది ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా మెదడులో ఆ కణాలు మళ్లీ రెచ్చిపోవచ్చు. ఎక్కువ భయం ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం. అందుకే పడుకోబెట్టి తినిపించొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, చిన్న చెంచాతో పెట్టు. మింగాకే రెండో చెంచా. పలచటి నీళ్లకు దగ్గొస్తుంటే ఆపేసి డాక్టరుకు చెప్పు, ఎంత చిక్కగా ఇవ్వాలో వాళ్లే చెప్తారు. తిన్నాక పడిపోయిన వైపు బుగ్గలోకి టార్చి వేసి చూడు, అక్కడ మెతుకులు నిలిచిపోతాయి, ఆయనకు తెలీదు. నోరు శుభ్రం చేసి, అరగంటన్నా కూర్చోబెట్టే ఉంచు. జ్వరం తగిలితే ఇంట్లో మాత్రతో సరిపెట్టొద్దు.

లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగొద్దు, భుజం జారుతుంది. ఫిజియో చెప్పినవి రోజూ చేయించు. మొదటి మూడు నెలలు చాలా విలువైనవి. విసుక్కుంటాడు, మా తమ్ముడి సంగతి నాకు తెలుసు. అయినా వదలకు.

బీపీ, షుగర్ మాత్రలు ఒక్క పూట కూడా తప్పొద్దు. మళ్లీ మూతి వంకర పోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఆఖరిసారి బాగున్న టైము రాసిపెట్టుకో. మెదడులో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలే, ఆస్పత్రిలో ముందు అడిగేది ఆ టైమే.

మీ అత్త,
కావలి